ఎనిమిది మైళ్ళ తేడా

మా మార్స్టల్‌లో మగవాళ్ళు రెండు రకాలు. కాగితం ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు. నావిక పాఠశాలలో చలికాలాలు కూర్చుని పరీక్ష రాసి వస్తే కాగితం ఇస్తారు. అది ఉంటే ముప్పై నిండకముందే ఓడకి పెద్ద, స్కిప్పర్ అయిపోవచ్చు. లేకపోతే నాలాగా యాభై ఏళ్ళకి కూడా అతని కింద మేటుగానే ఉండాలి. నేను పద్నాలుగో ఏట బడి మానేసి వంటపనికి ఓడెక్కాను. డెన్మార్క్‌లో ఓడల మీద బతికే మా ఊళ్ళో అదేం వింత కాదు. బంగాళాదుంపలు తొక్కతీసే చేతుల్తోనే సెక్స్‌టెంట్ పట్టడం నేర్చుకున్నాను, అది మాత్రం వింతే. ముసలి స్కిప్పర్ ఒకాయన నేర్పాడు. సూర్యుణ్ణి అద్దంలో కిందికి దించి, సముద్రపు అంచు మీద కూర్చోబెట్టి, ఆ కోణం చదివి, ఓడ ఎక్కడుందో చెప్పగలిగినవాడు కూలివాడు కాదురా అన్నాడు. ఆ మాట పట్టుకుని ఇరవై రెండేళ్ళు బతికాను. "లారిట్స్ లెక్క తప్పదు" అనేవారు రేవులో. నాకున్న కాగితం అదొక్కటే.

ఆ ఏడు, నేను పనిచేసే దగ్మార్ ఓడ పాత స్కిప్పర్ కీళ్ళనొప్పులతో దిగిపోయాడు. మూడు స్తంభాల తెరచాప ఓడ, స్కూనర్ అది, దాని మీద ప్రతి మేకూ నాకు తెలుసు. వాటాదారులు కూర్చుని ఆలోచించి ఆక్సెల్ క్రోమన్‌ని స్కిప్పర్‌గా పెట్టారు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు. వాటాదారుల్లో ఒకాయనకి మేనల్లుడు. నన్ను అడగనైనా అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్ణో వాళ్ళకీ తెలుసు.

ఏప్రిల్‌లో ఖాళీ ఓడతో బయలుదేరాం, పోర్చుగల్‌లో సెతూబల్ నుంచి ఉప్పు ఎక్కించుకోవాలి. ఐదుగురం. స్కిప్పర్, నేను, వంటవాడు మోగెన్స్, చుక్కాని పట్టడానికి పాల్లె, విల్లాడ్స్. ఇంగ్లీష్ ఛానెల్ దాటేదాకా దీపస్తంభాలూ కొండకొమ్ములూ దారి చూపిస్తాయి, ఎవడైనా నడపగలడు. ఆ తర్వాత నీళ్ళే. అక్కణ్ణుంచి సూర్యుడే దిక్కు.

మొదటి మధ్యాహ్నం ఇద్దరం సెక్స్‌టెంట్లు పట్టుకుని డెక్ మీద నిలబడ్డాం. అతనిది కొత్తది, ఇత్తడి తళతళలాడుతోంది. నాది ఒక నావికుడి భార్య దగ్గర కొన్నది, ఆయన సముద్రంలో పోయాక. ఇంకొకడి సెక్స్‌టెంట్ మీద చెయ్యి వెయ్యకూడదని మా ఓడల్లో రాయని చట్టం. ఒకడి పళ్ళు తోముకునే బ్రష్ ఇంకొకడు వాడడు చూడండి, అలాంటిదే. సూర్యుడు నెత్తికెక్కాడు, ఆగాడు, దిగడం మొదలుపెట్టాడు. ఎవరి లెక్క వాళ్ళం పలక మీద వేసుకుని రెండు పలకలూ పక్కపక్కన పెట్టాం.

ఎనిమిది నిమిషాల తేడా, గడియారం నిమిషాలు కాదు, కోణం నిమిషాలు. అంటే ఎనిమిది సముద్రపు మైళ్ళు. నా లెక్కలో ఓడ మరీ దక్షిణాన ఉంది, అతని లెక్కలో అంత దిగలేదు.

"కెరటాల వల్ల కావచ్చులెండి, లారిట్స్ గారూ" అన్నాడు స్కిప్పర్.

"కావచ్చు స్కిప్పర్" అన్నాను. మనసులో మాత్రం, కొత్త చెప్పులు కరుస్తున్నాయి బాబుగారికి, అనుకున్నాను.

మర్నాడు కూడా ఎనిమిదే. ఆ మర్నాడూ ఎనిమిదే.

అప్పుడు నాకు అనుమానం పుట్టింది. చెయ్యి వణికేవాడి తప్పు రోజుకో రకంగా ఉంటుంది. ఒకరోజు మూడు, ఒకరోజు పది. రోజూ కొలిచి పోసినట్టు ఎనిమిదే వస్తోందంటే అది తప్పు కాదు, ఎవడో పనిగట్టుకుని చేస్తున్నది. ఎందుకు చేస్తాడు? మేటుకి చూపు ఆనడం లేదు, లెక్క తప్పుతున్నాడు అని ఓడ సంగతులు రోజూ ఎక్కించే లాగ్ పుస్తకంలో రాసుకుంటూ పోతే, ఊరు చేరాక నన్ను దింపెయ్యచ్చు. అతనికి ఒక బావమరిది ఉన్నాడని, పోయినేడే పరీక్ష పాసయ్యాడని నాకు తెలుసు. ఇంక చెప్పేదేముంది.

ఆ సాయంత్రం నా సెక్స్‌టెంట్ పెట్టె మూతకి అడ్డంగా నూలుపోగు ఒకటి అంటించి పడుకున్నాను. తెల్లవారుజామున కాపలాకి పైకెళ్ళి వచ్చేసరికి పోగు కింద పడి ఉంది.

"ఈ గదిలోకి ఎవరొచ్చారు?" అని మోగెన్స్‌ని నిలదీశాను.

"నేనే వచ్చాను, ఊడవడానికి. ఊడవకపోతే ఊడవలేదంటావు, ఊడిస్తే ఎవరొచ్చారంటావు. నీ పెళ్ళాం నీతో ఎలా వేగుతోందో గానీ, ఆవిడకి పతకం ఇవ్వాలి."

"స్కిప్పర్ వచ్చాడా?"

మోగెన్స్ చీపురు ఆపాడు. వాడికి ఉప్పు చేపకన్నా కబురు రుచి. "ఎందుకూ? ఏం జరిగింది?" అన్నాడు, గొంతు తగ్గించి.

చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. మధ్యాహ్నం బఠాణీల సూప్ వడ్డించేలోగా పాల్లెకి, విల్లాడ్స్‌కి కూడా తెలిసిపోయింది. అది మొదలు చుక్కాని దగ్గరున్నవాడు ఓడ ఎక్కడుందని స్కిప్పర్‌ని అడగడం మానేశాడు. అతని ఎదురుగానే నావైపు తిరిగి, "మేటుగారూ, ఎంతలో ఉన్నాం?" అనేవాడు. నేను నా అంకె చెప్పేవాణ్ణి. స్కిప్పర్ చెవులు ఎర్రబడేవి. నాకు సంతోషంగా ఉండేది, అబద్ధమెందుకు.

ఐదో రోజు అతను నా దగ్గరికొచ్చాడు. చేతిలో టోపీ నలుపుతున్నాడు.

"లారిట్స్ గారూ, తప్పుగా అనుకోకండి. మీ సెక్స్‌టెంట్ సున్నా తప్పు ఒకసారి సరిచూస్తారా? నాది రోజూ చూస్తూనే ఉన్నాను. అందుకని..."

ప్రతి సెక్స్‌టెంట్‌కీ పుట్టుకతో ఒక వంకర ఉంటుంది, దాన్నే సున్నా తప్పు అంటాం. ముల్లు సున్నా దగ్గర పెట్టి సముద్రపు అంచు చూస్తే, అద్దంలో గీతా బయటి గీతా కలిసి ఒకటే గీత కావాలి. నాదాంట్లో అది మెట్టులా విరిగి కనబడేది. ఎనిమిది నిమిషాలు తక్కువ చూపించేది. అందుకని చదివిన ప్రతి కోణానికీ ఎనిమిది కలపాలి. పెట్టె మూత లోపల కత్తిమొనతో "+8" అని చెక్కుకున్నాను కూడా. మొదట్లో నెలకోసారి సరిచూసేవాణ్ణి. అది ఎప్పుడూ కదలలేదు. కదలనిదాన్ని ఎందుకు చూడాలని మానేశాను. పెళ్ళాం పేరు రోజూ అడుగుతామా?

"నేను దీనికి ఎనిమిది కలపడం మొదలుపెట్టినప్పుడు మీకు ఆరేళ్ళు, స్కిప్పర్. ముక్కు తుడుచుకోవడం కూడా వచ్చి ఉండదు."

డెక్ మీద ఎవడో కిసుక్కుమన్నాడు. అతను టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అయితే నాకు అప్పుడు అసలు సంగతి అర్థమైంది, అంటే అర్థమైందనుకున్నాను. నేను ఎనిమిది కలుపుతానని ఇతనికి తెలుసు. పెట్టె తీసి మూత చూశాడు. అందుకే సరిగ్గా ఎనిమిది తేడా పెడుతున్నాడు, నా పనిముట్టు మీద నాకే అపనమ్మకం పుట్టించడానికి. ఎంత తెలివి! పాఠశాలలో ఇవి కూడా నేర్పుతారు కాబోలు.

ఎనిమిదీ ఎనిమిదీ పక్కపక్కనే కూర్చుని నా మొహంలోకి చూస్తుంటే నేను ఇలా ఆలోచించాను.

ఆ మర్నాటి నుంచి అతను మెత్తబడ్డాడు. లెక్క మూడుసార్లు వేసుకునేవాడు. చివరికి, "సరే, మీదీ నాదీ కాకుండా మధ్యలో పెడదాం" అన్నాడు. రెండు లెక్కలు కలవనప్పుడు సగానికి సగం తీసుకోవడం మాలో అలవాటే. గొడవ ఆగుతుంది. సముద్రానికి ఆ సంగతి తెలియదు, అంతే.

బెర్లెంగా దీవి దగ్గరకొచ్చేసరికి పన్నెండు రోజులైంది. పోర్చుగల్ తీరానికి కాస్త ఎడంగా, సముద్రం మధ్యలో లేచిన రాతిముద్ద అది. బుద్ధున్నవాడెవడైనా దానికి పడమరగా పాతిక మైళ్ళ ఎడంలో దక్షిణానికి దిగిపోతాడు. మా స్కిప్పర్ మాత్రం పటం మీద వేలు పెట్టి, "దీనికి దక్షిణంగా నాలుగు మైళ్ళలో పోదాం" అన్నాడు. "వెలుతురుండగానే దీవి కళ్ళబడుతుంది. ఎవరి లెక్క సరైనదో అందరం చూద్దాం. సెతూబల్ చేరేలోపు ఈ తగువు తేలిపోవాలి."

"తేలాల్సిందే" అన్నాను.

ఆ మధ్యాహ్నం కూడా తేడా ఎనిమిదే. మధ్యలో గుర్తు పెట్టి, తూర్పు ఆగ్నేయానికి తిప్పాం. గాలి ఉత్తరం నుంచి నిలకడగా ఉంది. ఐదున్నర, ఆరింటికి దీవి పక్కన ఉంటాం.

భోజనాలయ్యాక మోగెన్స్ గిన్నెలు కడుగుతూ అన్నాడు, "ఒకవేళ కుర్రాడిదే సరైనదైతే? మా డబ్బులు నీ మీద కాశాం, చూసుకో మరి."

"చూపిస్తా రా" అని పెట్టె తెచ్చాను. సముద్రపు అంచు కత్తితో గీసినట్టుంది. మెట్టు విరిగి కనబడుతుంది, వీడికి చూపించి నోరు మూయిద్దామని ముల్లు సున్నాకి తెచ్చి కంటికి ఆనించాను.

మెట్టు లేదు.

గీత ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కటే గీత. కన్ను తుడుచుకుని మళ్ళీ చూశాను. ముల్లు జరిపి మళ్ళీ సున్నాకి తెచ్చాను. ఒక్కటే గీత.

"ఏమైంది? ఏం కనబడుతోంది?" అన్నాడు మోగెన్స్.

"గిన్నెలు కడుక్కో పో."

మొదట ఏమనుకున్నానో చెప్పనా? స్కిప్పరే మరలు తిప్పేశాడనుకున్నాను. అయితే అద్దం వెనక చూస్తే వెండిపూత కొత్తది. అంచుల్లో ఇరవై రెండేళ్ళుగా నేను చూస్తున్న నల్లమచ్చలు లేవు. సముద్రం మధ్య వెండిపూత ఎవడూ వెయ్యలేడు. ఇది ఊళ్ళో జరిగింది. జనవరిలో నాకు ఊపిరితిత్తుల జ్వరం వచ్చి మూడు వారాలు మంచం పట్టాను. లేచాక నా పెళ్ళాం బోదిల్ ఈ పెట్టె నా ఒళ్ళో పెట్టి, "శుభ్రం చేయించాను, స్వెన్‌బోర్గ్‌లో. నీకు యాభై నిండుతున్నాయిగా" అంది. నేను మూత తీసి చూసి, సరే అని మూసేశాను. పనిమంతుడెవడో అద్దాలకి పూత వేసి, మరలు బిగించి, వంకర మొత్తం తీసేశాడు. దానికి నేను రోజూ ఎనిమిది కలుపుతున్నాను.

కుర్రాడి లెక్క మొదటి రోజు నుంచీ సరైనదే.

పెట్టె పక్కన కూర్చుని లెక్కవేశాను. మధ్యలో పెట్టిన గుర్తు నాలుగు మైళ్ళు తప్పు. మేము అనుకున్నచోటికన్నా ఓడ నాలుగు మైళ్ళు ఉత్తరాన ఉంది. దీవికి దక్షిణంగా నాలుగు మైళ్ళలో పోతున్నాం అనుకుంటున్నాం. అంటే తిన్నగా దీవి మీదికే.

ఎండ ఉంటే భయం లేదు, దూరం నుంచే కనబడుతుంది. రెండు గంటలకి పొగమంచు దిగింది. ముందు తెరచాప కొయ్య చివర కూడా మసకబారింది. లోతు చూసే తాడు వేద్దామన్నా లాభం లేదు, అక్కడ రాయి పక్కదాకా లోతే.

వెళ్ళి చెప్పచ్చు. మూడంగల దూరం. కానీ ఏమని చెప్పాలి? స్కిప్పర్, నేను ముసలి గాడిదని అనా? పన్నెండు రోజులు వీళ్ళందరి ముందూ మిమ్మల్ని దొంగని చేసింది నేను, తప్పు కూడా నాదే అనా? అది చెప్పాక ఈ ఓడ మీద కాదు, మార్స్టల్ రేవులో ఏ ఓడ మీదైనా నేనెవణ్ణి? కాగితం లేని ముసలాణ్ణి. నాలుగింటిదాకా అటూ ఇటూ తిరిగాను. తర్వాత తెలివైనవాడిలా వెళ్ళాను.

"స్కిప్పర్, మంచు పట్టేసింది. ఇంకాస్త దక్షిణానికి జరుపుకుంటే మంచిదేమో."

అతను నావైపు నెమ్మదిగా తిరిగాడు. "మీ లెక్క ప్రకారం మనం ఇప్పటికే బాగా దక్షిణాన ఉన్నాం కదా. ఇంకా ఎందుకు?"

"జాగ్రత్త కోసం."

"పన్నెండు రోజుల్లో జాగ్రత్త అన్న మాట మీ నోట మొదటిసారి వింటున్నాను." నవ్వలేదు. "దీవి కనబడకుండా దాటిపోవాలి, అంతేనా? తగువు తేలకూడదు. ఊరెళ్ళాక, కుర్రాడు భయపడి పారిపోయాడని చెప్పుకోవచ్చు. కదా?"

ఎదురుగా నా బుద్ధే నిలబడి మాట్లాడుతున్నట్టుంది. ఆ అనుమానం అతనికి అంటించింది నేనే.

"అది కాదు."

"దారి మారదు" అన్నాడు. పాల్లె చుక్కాని పట్టుకుని రెండు చెవులూ ఇటే పెట్టాడు.

ఇంకో గంట గడిచింది. ఆ గంట నేనేం చేశానని అడగకండి. తాళ్ళు సర్దాను. సర్దిన తాళ్ళే మళ్ళీ సర్దాను. ఐదు దాటాక నల్లపక్షులు రెండు నీళ్ళని రాసుకుంటూ ఓడ ముందునుంచి పోయాయి. ఆ పక్షులు గట్టుకి దూరంగా తిరగవు.

ఇంక ఆగలేకపోయాను. "స్కిప్పర్, ఇలా రండి" అని కేబిన్ వెనక్కి పిలిచాను. "తప్పు నాది. నా సెక్స్‌టెంట్‌లో సున్నా తప్పు లేదు. చలికాలంలో బాగు చేయించారు. నాకు తెలియక ఎనిమిది కలుపుతూనే ఉన్నాను. మీది సరైనది. మనం దీవి మీదికి పోతున్నాం."

పట్టుబడ్డ దొంగలా నిలబడ్డాను. అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఇది ఇంకో ఎత్తా?"

"దేవుడి మీద ఒట్టు."

"రోజూ నా పలక మీది అంకె చూస్తున్నారు. ఇప్పుడు నాదే సరైనదంటున్నారు. సరిగ్గా దీవి కనబడాల్సిన గంటలో. నేను దారి తిప్పగానే, చూడండర్రా నా మాటకి ఎలా ఆడుతున్నాడో అంటారు. నాకు తెలీదా?"

సముద్రపు అంచు కనబడితే చూపించేవాణ్ణి. మంచులో అంచెక్కడిది? అయితే పడమటివైపు సూర్యుడు మంచు వెనక పాత డబ్బు బిళ్ళలా పాలిపోయి కనబడుతున్నాడు. గీత లేకపోతే సూర్యుడితో కూడా తేల్చవచ్చు. ముల్లు సున్నా దగ్గర ఉంటే, అసలు సూర్యుడూ అద్దంలో సూర్యుడూ ఒకదాని మీద ఒకటి పడి ఒకటే కావాలి. ఎనిమిది నిమిషాల వంకర ఉంటే, పావువంతు పక్కకి తొలిగి రెండుగా కనబడతాయి.

పెట్టె తెరిచాను. సెక్స్‌టెంట్ తీసి అతని ముందు చాపాను.

"మీరే చూడండి."

అతని చెయ్యి లేవలేదు. పాల్లె చుక్కాని దగ్గరనుంచి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఇరవై రెండేళ్ళలో నేను దాన్ని ఇంకొకడి చేతికివ్వడం ఎవడూ చూడలేదు. మోగెన్స్ ఒకసారి దుమ్ము తుడుస్తానంటే వాడి వేళ్ళ మీద కొట్టాను.

"తీసుకో అబ్బాయ్, టైం లేదు!" అని అరిచాను. స్కిప్పర్ అనడం మర్చిపోయాను.

అతను చెయ్యి కోటుకి తుడుచుకుని తీసుకున్నాడు. సూర్యుడి మీద పెట్టాడు. ముల్లు తానే సున్నాకి తిప్పాడు, నేను పెట్టినదాన్ని నమ్మలేదు. ఒకసారి చూశాడు, దించాడు, మళ్ళీ చూశాడు. తర్వాత పెట్టె మూత లోపల కత్తితో చెక్కిన అంకె మీదికి అతని చూపు పోయింది. మొహంలో రంగు దిగిపోయింది.

"పాల్లె! చుక్కాని తిప్పు! దక్షిణానికి, పూర్తిగా దక్షిణానికి! విల్లాడ్స్, తాళ్ళు వదులు!"

ఓడ మూలిగి తిరిగింది. పావుగంట కూడా కాలేదు. ఎడమవైపు మంచులో, పెద్ద జంతువేదో నిద్రలో పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడు వినబడింది. తర్వాత పక్షులు వందలకొద్దీ అరిచాయి. ఒక్క క్షణం మంచు చిరిగింది. ఎర్రటి రాతిగోడ, దాని కాళ్ళ దగ్గర తెల్లగా మరిగే నీళ్ళు, మాకు అరమైలు దూరం కూడా లేదు. మళ్ళీ మంచు మూసేసింది. చప్పుడు మెల్లగా వెనకబడింది. విల్లాడ్స్ టోపీ తీసి చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

స్కిప్పర్ సెక్స్‌టెంట్‌ని నా పెట్టెలో తానే పెట్టి, మూత మూసి, నాకిచ్చాడు. లాగ్ పుస్తకంలో రాశాడు, తర్వాత చూశాను. "మంచు కారణంగా దక్షిణానికి మళ్ళాం." అంతే.

గంట తర్వాత మోగెన్స్ కాఫీ కాచాడు, అందరికీ నల్లటి రై రొట్టె మీద వెన్న మందంగా రాశాడు. కేబిన్‌లో ఐదుగురం ఎప్పుడూ కలిసి కూర్చోం, ఆ రోజు ఒక్కణ్ణి పైన ఉంచి నలుగురం కూర్చున్నాం. మొదటి కప్పు స్కిప్పర్‌కి ఇవ్వాలి. మోగెన్స్ దాన్ని నా ముందు పెట్టాడు.

"పెద్దాయన గట్టిగా అరవబట్టి బతికాం" అన్నాడు, స్కిప్పర్‌కి వినబడేలా. "అబ్బాయ్, టైం లేదు అన్నాడు చూడు! నేను వంటగదిలోంచి విన్నాను. లారిట్స్ లెక్క తప్పదని ఊరికే అన్నారా?"

"తన సెక్స్‌టెంటే ఇచ్చేసి చూపించాడురా" అన్నాడు పాల్లె. "అది లేకపోతే ఈపాటికి పీతలకి భోజనం."

స్కిప్పర్ రొట్టె ముక్క కాఫీలో ముంచి, తలెత్తి నావైపు చూశాడు. కోపంగా కాదు. ఎదురు చూస్తున్నట్టు. తప్పు నాదని ఒక్క మాట చెబితే సరిపోయేది. నోరు తెరిచాను. మోగెన్స్ చక్కెర గిన్నె నావైపు తోశాడు.

కప్పు తీసుకున్నాను. తాగాను.

అతను తల దించుకుని రొట్టె తిన్నాడు. ఆ తర్వాత మూడేళ్ళు అతని కిందే పనిచేశాను. బావమరిదిని తేలేదు. ఆ సంగతి నా దగ్గర ఎత్తలేదు, ఊళ్ళోగానీ, ఇంట్లోగానీ కూడా ఎక్కడా ఎత్తలేదని విన్నాను. మంచివాడండీ అంటారు అందరూ. కావచ్చు. నాకు మాత్రం ఇప్పటికీ నిద్ర పట్టదు. ఊరికే ఎవడైనా అంత మాట కడుపులో దాచుకుంటాడా? ఏదో ఒకటి ఉంటుంది. ఏమిటన్నదే తేలడం లేదు.